కార్తీకంలో కోనలకు వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ముందు నీటి రంగు చూడండి. నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, అంటే సరిగ్గా కార్తీకంలోనే. కింద ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే పెంచలకోన, భైరవకోన జలపాతాల్లోకి నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పిల్లల్ని తీసుకుని వెంటనే గట్టెక్కండి. బట్టలు, ఫోన్లు పోతే పోనివ్వండి. వాయుగుండం హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, స్వామి ఎక్కడికీ పోరు.

మాలకొండకైతే శనివారమే బయలుదేరండి. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి దర్శనం మామూలుగా వారంలో ఆ ఒక్కరోజే. అమ్మవారి గుడికి బండల మధ్య ఇరుకు దారి, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను తొందరపెట్టొద్దు.

బస్సు దిగగానే తిరుగు బస్సు టైం అడగండి. చీకటి పడ్డాక అడవి దారిలో ఆటో దొరకడం కష్టం.

తడి బండల మీద పాచి ఉంటుంది, సెల్ఫీ కోసం అంచుకు వెళ్లొద్దు.

భైరవకోనలో ఎనిమిది గుహాలయాలూ కొండను తొలిచి చెక్కినవే. ఆ శిల్పాల మీద కుంకుమ, నూనె పూయకండి, దయచేసి. మరక రాతిలోకి ఇంకితే ఇక పోదు.

వనభోజనం అయ్యాక పొయ్యి మీద నీళ్లు పోసి, బూడిద కలిపి చూశాకే లేవండి.