రెస్పాన్స్ స్పెక్ట్రమ్ ఫలితాలను ఆమోదించే ముందు జాగ్రత్తలు

భూకంపానికి భవనం ఎలా స్పందిస్తుందో కంప్యూటర్ మోడల్‌తో లెక్కించే పద్ధతే రెస్పాన్స్ స్పెక్ట్రమ్. భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016) ప్రకారం మహబూబ్‌నగర్ రెండో భూకంప మండలంలో ఉంది కనుక జోన్ ఫ్యాక్టర్ (ఆ మండలపు భూకంప తీవ్రతను సూచించే అంకె) 0.10గా ఇచ్చారో లేదో మొదట చూడాలి. మన వైపు అంతా బండనేలే కదా అని నేల రకాన్ని ఊహతో రాయకుండా మట్టి పరీక్ష నివేదిక తెరవాలి. పక్క చెలకలోనే నల్లరేగడి ఉండవచ్చు.

15 మీటర్ల ఎత్తున్న, గోడలు లేని కాంక్రీటు ఫ్రేముకు ఐఎస్ 1893 (2016) సూత్రం ప్రకారం డోలన కాలం (భవనం ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే సమయం) సుమారు 0.57 సెకన్లు వస్తుంది. కాలమ్‌లకు 0.70, బీములకు 0.35 చొప్పున దృఢత్వం తగ్గించిన మోడల్ ఇంతకన్నా కొంత ఎక్కువ చూపడం సహజమే గాని, మూడు సెకన్లు చూపితే ఏదో బీము కాలమ్‌కు అతకలేదని అనుమానించాలి.

లెక్కలోకి తీసుకున్న మోడ్‌లలో (భవనం ఊగే తీరుల్లో) పాల్గొనే ద్రవ్యరాశి, భవనం మొత్తం ద్రవ్యరాశిలో 90 శాతానికి తగ్గకూడదు. బేస్ షియర్ (భవనం అడుగున పడే మొత్తం అడ్డ బలం), సూత్రపు డోలన కాలంతో వచ్చిన విలువకన్నా తక్కువైతే ఫలితాలన్నిటినీ అదే నిష్పత్తిలో పెంచాలి. స్పెక్ట్రమ్ ఫలితాలకు ప్లస్, మైనస్ గుర్తులు ఉండవు కాబట్టి మూల కాలమ్‌ను లాగుడుకూ, నొక్కుడుకూ విడివిడిగా సరిచూడాలి.