లేబుల్ దాచి వైన్ రుచి చూసే ముందు జాగ్రత్తలు

డిసెంబర్ వచ్చేసింది. హైదరాబాద్‌లో ఇంట్లోనే, పేరు చూడకుండా రుచితోనే ఏ వైనో కనిపెట్టే ఈ సరదా ఆట పెట్టుకునేవాళ్లు ముందే చూసుకోండి.

• ఇంటికెళ్లే దారి ముందు. "నాలుగు గుక్కలేగా" అని బండి తీయొద్దు. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే కేసే. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాబ్‌లో వెళ్లండి, లేదా అక్కడే పడుకోండి.

• బాటిళ్లు చుట్టిన మనిషి ఆడకూడదు. పేపరు మెడ దాకా చుట్టాలి. భుజాలు జారిన బాటిల్ కనిపిస్తే పినో నువార్ (ఒక రకం రెడ్ వైన్) అని కొందరు ఇట్టే పసిగడతారు. మూతలూ వంటింట్లోనే తీయాలి, తిప్పే మూత చప్పుడు కూడా ఆనవాలే.

• రెడ్ వైన్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. 16-18 డిగ్రీలు బాగుంటుంది. వెచ్చగా ఉంటే ఘాటే ముక్కుకు తగులుతుంది.

• అగరొత్తులు వద్దు. పోయినసారి మా హాల్లో పొద్దున వెలిగించిన వాసన పోలేదు, మూడు గ్లాసుల్లోనూ గంధమే తగిలింది.

• మిర్చి బజ్జీ, బిర్యానీ చివర్లో. కారం తగిలిన నాలుకకు వగరు, మంట తప్ప ఏమీ తెలియదు.

• గ్లాసుకు 50 మి.లీ. చాలు, 750 మి.లీ. బాటిల్ 15 గ్లాసులకు వస్తుంది.

• ఏ రుచి, ఏ వాసన తగిలిందో రాసుకున్నాకే మాట్లాడండి. ఒకరు "జామపండు" అన్నారంటే ఇక అందరికీ జామపండే.