రోబో చేతికి కెమెరా కన్ను కుదర్చాలంటే

మడికొండ దగ్గర ఓ చిన్న షెడ్డులో రోబో చేతులకు కెమెరాలు బిగించే పని నాది. కొత్తగా వచ్చే ఐటీఐ తమ్ముళ్లకు ముందు చెప్పేది ఒకటే: సాఫ్ట్‌వేర్ తెరవకముందు వెలుతురు చూసుకోండి. మా షెడ్డుకు పడమటి తలుపు ఉంది. సాయంత్రం నాలుగు దాటితే ఎండ నేరుగా వస్తువులను మోసుకొచ్చే కన్వేయర్ బెల్టు మీద పడేది. పొద్దంతా చక్కగా పట్టుకున్న బేరింగులను రోబో అప్పుడు వదిలేసేది. మెరిసే ఉక్కు మీద తెల్లటి మచ్చ పడి, రింగు అంచు కెమెరాకు సగమే కనిపించేది. తలుపుకు పరదా కట్టి, బెల్టు పైన పాలరంగు అక్రిలిక్ షీటు వెనక ఎల్ఈడీలు పెట్టాకే పని కుదిరింది.

తర్వాత క్యాలిబ్రేషన్, అంటే కెమెరా బొమ్మలోని చోటును అసలు కొలతలతో సరిచూసి కుదర్చడం. చదరంగం గళ్ల ప్రింటును ఉత్త కాగితంగా వాడొద్దు, వంగుతుంది. గాజు పలకకు గట్టిగా అతికించండి. గడి కొలతను వెర్నియర్ కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) చూడండి. పలకను అటూ ఇటూ వాల్చుతూ, మూలలకు జరుపుతూ 15–20 ఫొటోలు తీయండి. ఆపైన పలకను కదలకుండా పెట్టి, రోబో మొనను నాలుగైదు గళ్ల మూలలకు తాకించి ఆ స్థానాలు నమోదు చేస్తే, కెమెరా చూసే చోటు రోబోకు అర్థమవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఎత్తు దగ్గర. మామూలు 2డీ కెమెరాకు లోతు తెలియదు. అది క్యాలిబ్రేట్ చేసిన తలానికి (పలక పెట్టిన ఎత్తుకు) 800 మి.మీ. పైన ఉందనుకోండి. మధ్య నుంచి 200 మి.మీ. పక్కనున్న వస్తువు, ఆ తలం కన్నా 20 మి.మీ. ఎత్తుంటే, దాదాపు 5 మి.మీ. బయటికి జరిగినట్టు కనిపిస్తుంది. గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే రోబో పంజా) వేలు వస్తువుకు గుద్దుకోవడానికి అంత చాలు. అందుకే పలకను బెల్టు మీద కాకుండా, వస్తువు పైభాగం ఉండే ఎత్తులో పెట్టండి.

మొదటిసారి 10 శాతం వేగంతోనే నడపండి. కంచె బయట నిలబడి, చెయ్యి ఎమర్జెన్సీ స్టాప్ మీదే ఉంచండి.