పైథాన్‌లో సాకెట్ సర్వర్ రాస్తుంటే క్లాసుల వరస చూసుకోండి
నెట్‌వర్క్ సర్వర్లు రాసుకోవడానికి పైథాన్‌తోనే వచ్చే సాకెట్‌సర్వర్ మాడ్యూల్‌లో మామూలు టీసీపీసర్వర్ క్లాస్ ఒకసారికి ఒక్క క్లయింట్‌నే చూస్తుంది, మిగతావాళ్ళు రేషన్ షాపు క్యూలో ఉన్నట్టు ఆగాల్సిందే, అందుకే ఒక్కో క్లయింట్‌కి ఒక్కో థ్రెడ్ (పక్కపక్కనే నడిచే పని) ఇచ్చే థ్రెడింగ్‌మిక్సిన్ క్లాస్ కలుపుతాం కదా, కానీ మన క్లాస్ బ్రాకెట్లో అది ముందు రాయాలి, టీసీపీసర్వర్ దాని తర్వాత. తిరగేసి రాస్తే ఎర్రర్ ఏమీ రాదు, థ్రెడ్లూ రావు (నేను సగం రోజు తల గోక్కున్నా), ఎందుకంటే వచ్చిన రిక్వెస్ట్‌ని నడిపే ప్రాసెస్_రిక్వెస్ట్ మెథడ్‌ని పైథాన్ ఎడమవైపు క్లాస్ నుంచే వెతుక్కుంటూ వస్తుంది. ఇంకోటి, సర్వర్ ఆపి వెంటనే మళ్ళీ స్టార్ట్ చేస్తే అడ్రస్ ఆల్రెడీ వాడకంలో ఉందని గోల పెడుతుంది ఒక్కోసారి. అలౌ_రీయూజ్_అడ్రస్‌ని ట్రూ అని క్లాస్ లోపలే పెట్టేయండి, ఆబ్జెక్ట్ తయారయ్యాక పెడితే లాభం లేదు, బైండ్ (సర్వర్ తన అడ్రస్‌ని పట్టుకోవడం) అప్పటికే అయిపోయుంటుంది.