నీరు తీసే మాత్ర పొద్దున్నే వేసుకుంటే రాత్రి నిద్ర దక్కుతుంది

బీపీకీ కాళ్ల వాపుకీ ఇచ్చిన నీరు తీసే మాత్ర అమ్మ రాత్రి వేసుకుని తెల్లారేలోపు నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేచేది, చీకట్లో పడిపోతుందేమోనని మాకు ఒకటే టెన్షన్. డాక్టర్‌ని అడిగి పొద్దున 8కి మార్చాం. రెండు పూటలా వాడేవాళ్లు రెండోది సాయంత్రం 4 లోపే వేసుకోవచ్చా అని అడగండి. ఇంకోటి, రోజూ లేవగానే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందే బరువు చూసి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తున్నాం. ఒక్క రోజులో కిలోకి పైగా, లేదా వారంలో 2 కిలోలకు పైగా పెరిగితే, వాపు కంటికి కనపడకపోయినా నీరు చేరుతూ ఉండొచ్చు, డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు మాత్రం ఈ లెక్క పనికిరాదు, అప్పటికే ఒంట్లో నీరు తగ్గి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, ఆ పూట మాత్ర వేయాలా వద్దా ముందే కనుక్కోండి.