డెస్క్‌టాప్ రిపేరు నేర్చుకుందాం – 5వ పాఠం: హార్డ్‌డిస్క్ నిజంగా పోయిందా?

పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేని మెషిన్ సంగతి గత పాఠంలో చూశాం. ఈసారి మెషిన్ ఆన్ అవుతుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, లోగో కూడా వస్తుంది. ఆ తర్వాత నల్లటి తెర మీద ‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’ అని చూపించి అక్కడే ఆగిపోతుంది.

వనస్థలిపురంలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ మాస్టారి సిస్టమ్‌కి మొన్న ఎండాకాలంలో ఇదే జరిగింది. ఎవరో చూసి ‘డిస్క్ పోయింది, కొత్తది వేయించుకోండి’ అన్నారట. ‘అమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి బాబూ’ అంటూ నా దగ్గరికొచ్చారు. డిస్క్ కొనడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ సీటీసీ దాకా వెళ్లే ముందు ఒక్కసారి బయోస్ (విండోస్ కంటే ముందే లేచి, మదర్‌బోర్డు సెట్టింగులు చూపించే ప్రోగ్రామ్) చూద్దాం మాస్టారూ అన్నాను.

మీరూ అదే చేయండి. ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీని టకటకా నొక్కుతూ ఉండండి. కొన్ని బోర్డుల్లో ఎఫ్2 పని చేస్తుంది. లోపల స్టోరేజ్ అనో సాటా (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే పద్ధతి) అనో ఉన్న పేజీ తెరిచి, మీ డిస్క్ మోడల్ నంబరు కనిపిస్తోందో లేదో చూడండి.

కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ని. ప్లగ్గు గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ పక్క రేకు విప్పండి. లోపలి రేకుని ఒకసారి చేత్తో ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. డిస్క్‌కి రెండు కనెక్టర్లుంటాయి. సన్నదానికి 7 పిన్నులు, అది డేటాది. వెడల్పుదానికి 15, అది కరెంటుది. రెండూ తీసి, వంకర పోకుండా చివరిదాకా నొక్కి పెట్టండి. అయినా కనిపించకపోతే డేటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డు మీద ఇంకో సాటా పోర్టులో పెట్టి చూడండి.

మాస్టారి సిస్టమ్‌లో డిస్క్ కనిపించింది. కానీ పైన తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంది. అసలు జబ్బు అక్కడ దొరికింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా కనిపించే సీఆర్2032 బ్యాటరీ 3 వోల్టులది. అది అయిపోతే ప్లగ్గు తీసినప్పుడల్లా బయోస్ తన సెట్టింగులు మర్చిపోతుంది. విండోస్ లేపడానికి రెండు పద్ధతులుంటాయి: కొత్తది యూఈఎఫ్ఐ, పాతది లెగసీ. మాస్టారి విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కించి ఉంటే, బోర్డేమో లెగసీకి మారిపోయింది. బిళ్ల మార్చి, తేదీ సరిచేసి, బూట్ మోడ్ యూఈఎఫ్ఐ పెట్టగానే విండోస్ వచ్చేసింది. ఫోటోలన్నీ భద్రం. ఆయన ముందుగా పెళ్లి పందిరి ఫోటో తెరిచి చూసుకున్నారు.

బూట్ మోడ్ మార్చినంత మాత్రాన డేటా పోదు, భయం వద్దు. ఫార్మాట్, ఇనీషియలైజ్ అని అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

ఇక నిజంగా డిస్కే దెబ్బతిన్న సందర్భం. టక్... టక్... అని ఒకే లయలో చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అని పదేపదే ఆన్ చేయొద్దు, ఇది నేను బతిమాలి చెబుతున్నాను. 7200 ఆర్‌పీఎం డిస్క్ నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకి 120 సార్లు తిరుగుతుంది. డేటా ఉండే పళ్లేనికీ, దాన్ని చదివే హెడ్‌కీ మధ్య సందు కొన్ని నానోమీటర్లే, దుమ్ము రేణువు కూడా అందులో పట్టదు. అందుకే మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి అసలు చేయకండి. ఆ డేటా ముఖ్యమైతే రికవరీ ల్యాబ్‌కే ఇవ్వండి.

చప్పుడు లేకుండా సిస్టమ్ బాగా నెమ్మదిస్తే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 వరసలు చూడండి. డిస్క్‌లో పాడైన, అనుమానమున్న చోట్ల లెక్క అవి. అవి సున్నా దాటి పెరుగుతుంటే ముందు ఫైళ్లు కాపీ చేసుకోవాలి, విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ ఆ తర్వాతే. అది డిస్క్ అంతా చదివించి, అసలే నీరసించినదాన్ని ఇంకా అలసట పెడుతుంది. డేటా అటూ ఇటూ పంపేటప్పుడు వచ్చే తప్పుల లెక్కైన సీ7 ఒక్కటే పెరుగుతుంటే మళ్లీ కేబుల్ వైపే చూడండి.

ఈ వారం ఇంటిపని: బాగా పని చేస్తున్న మీ సిస్టమ్ బయోస్‌లోకి వెళ్లి బూట్ మోడ్, సాటా మోడ్, బూట్ ఆర్డర్ ఉన్న పేజీలు ఫోన్‌తో ఫోటో తీసి దాచుకోండి. వచ్చే పాఠానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి ఉంచండి. విండోస్ రాకపోయినా దాంతో సిస్టమ్ లేపి ఫైళ్లు బయటికి తీద్దాం.