జపాన్ ఫ్యామికామ్ మన టీవీలో ఆడింది

పాత నింటెండోలు (టీవీకి తగిలించి ఆడే జపాన్ కంపెనీ వీడియో గేమ్ యంత్రాలు) ఏ దేశం మోడల్ దొరికినా వదలను, కావలిలో మా ఇంటి అటక నిండా అవే. ఈసారి చేతికొచ్చింది జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్, అదీ కంట్రోలర్‌కి చదరపు రబ్బరు బటన్లున్న తొలి రకం (తర్వాత గుండ్రటి ప్లాస్టిక్‌వి పెట్టారు, అందుకే దీనికింత గిరాకీ). దాని అడాప్టర్ 100 వోల్టులది, మన 230లో పెడితే పొగే. 9 వోల్టుల డీసీది వేరే కొన్నాను, కాకపోతే పిన్ మధ్యలో నెగెటివ్ ఉండాలి, మీటర్ పెట్టి చూడందే గుచ్చొద్దు.

అసలు తంటా టీవీ తెర మీద బొమ్మతో. ఇందులో ఉన్నది ఆర్‌ఎఫ్ (బొమ్మను యాంటెన్నా తీగలో టీవీ ఛానెల్‌లా పంపే పద్ధతి) ఒక్కటే, అదీ జపాన్ ఛానెల్ 1, 2, అంటే మనకి ఎఫ్‌ఎం రేడియో వచ్చే చోటు, ఇక మన టీవీ ఎంత వెతికినా చుక్కలే. నెల్లూరు ట్రంకు రోడ్డులో టీవీలు బాగుచేసే అన్న "ఆ ఆర్‌ఎఫ్ డబ్బా జోలికి పోబాక అబ్బయా, చిప్ నుంచే లాగేద్దాం" అన్నాడు. వీడియో చిప్ 21వ కాలు నుంచి తీగ లాగి, మధ్యలో చిన్న ట్రాన్సిస్టర్ వేసి, పసుపు జాక్‌కి కలిపాడు. సన్నటి నిలువు గీతలు కొంచెం కనబడతాయి, నాకైతే ఫర్లేదు.

ఇంకో మాట, దీనికి 60 పిన్నుల క్యాసెట్, మన చిన్నప్పటి టీవీ గేమ్ క్యాసెట్లు కూడా ఇందులో పడతాయి.